ముసలమ్మ గురక

ఆ వానాకాలమంతా మా ఊరు మా వదినని తిట్టుకుంటూనే పడుకుంది, తిట్టుకుంటూనే లేచింది. తిట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. కాకపోతే నేను మొహంమీదే తిట్టేదాన్ని, ఆవిడ నవ్వేది.

వదిన అంటే మా ఆయన అక్క. పెళ్ళి చేసుకోలేదు. మేడమీది గది ఆవిడది, కింద వాటా మాది, వీధివైపు ముందుగది నా కుట్టుమిషన్‌ది. డెబ్బై దాటిన మనిషి. ఆవిడ చేసేది సంగీతమని ఆవిడా, ఆవిడలాంటివాళ్ళు మరికొందరూ అంటారు. అందులో పాట ఉండదు, తాళం ఉండదు. మీటలూ తీగలూ ఉన్న పెట్టెల్లోంచి శబ్దాలు పుట్టించి, ఒకదానిమీద ఒకటి పేర్చి, పట్టుమని పదిమంది లేని హాళ్ళలో వినిపించేది. నేను కాపురానికొచ్చిన కొత్తలో పైనుంచి వస్తున్న మోత విని నీళ్ళ మోటారు కాలిపోతోందని కేకలు పెట్టాను. ఆవిడ తాపీగా మెట్లు దిగొచ్చి, "మోటారు కాదు, నేనే. ఎలా ఉంది?" అని అడిగింది. మా వదినామరదళ్ళ స్నేహం అప్పట్నుంచీ అలాగే నడిచింది. ఆవిడ వినిపించడం, నేను వెక్కిరించడం.

తొలకరి పడిన వారంలోనే ఆనకట్ట ఇంజనీరు మా ఇంటికొచ్చాడు. గొడుగు మడవడం కూడా చేతకానంత కంగారుగా ఉన్నాడు. కొలతలివ్వడానికొచ్చిన ఆడవాళ్ళని తప్పించుకుంటూ మేడెక్కాడు. నేను టీ తీసుకెళ్ళి, కప్పులు పెట్టేసి రావాల్సినదాన్ని, అక్కడే గోడకి ఆనుకుని నిలబడిపోయాను.

"అమ్మగారూ, ఊరికి సైరన్ ఉంది కదా," అన్నాడు.

"లేకేం. మిల్లు షిఫ్టు మారితే మోగుతుంది. పెద్దమనిషెవరైనా పోతే మోగుతుంది. పని చేస్తోందో లేదో చూసుకోడానికి మోగుతుంది."

"అదే మా ఖర్మ. పోయినేడు వానల్లో నిజంగానే మోగించాం. గేటొకటి బిగుసుకుపోయి నీళ్ళు పైకొస్తుంటే. ఊళ్ళో ఒక్కళ్ళు తలెత్తలేదు. మీ ఎదురింటి గడియారాలాయనైతే షిఫ్టు టైమనుకుని గోడ గడియారం సరిచేసుకున్నాడట."

నేను ఫక్కున నవ్వాను. ఇంజనీరు నవ్వలేదు.

"ఆనకట్ట గోడ చెమరుస్తోంది," అన్నాడు, కప్పులోకి చూస్తూ. "పైవాళ్ళు ఈ వానలకి ఏం కాదంటున్నారు. ఏం కాకూడదనే నేనూ దణ్ణం పెట్టుకుంటున్నాను. కానీ అయిందంటే, ఈ కింది వీధులు ఖాళీ అవడానికి పట్టుమని అరగంట కూడా ఉండదు. వినగానే మనుషులు లేచి పరిగెత్తే శబ్దం ఒకటి నాకు కావాలి."

"నా శబ్దం విని జనం లేచి పరిగెత్తుతారని మీకెవరు చెప్పారు?" అంది వదిన.

"నేనే చూశానండీ. చదువుకునే రోజుల్లో మీ కచేరీకొచ్చాను. నేను మాత్రం చివరిదాకా కూర్చున్నాను."

వదిన కాసేపు అతన్ని ఎగాదిగా చూసి, పకపకా నవ్వింది. అలా ఒప్పుకుంది.

తర్వాత రోజులన్నీ మా ప్రాణాలమీదికొచ్చాయి. ఆవిడ భయపెట్టే శబ్దాలు తయారుచేయడం, మామీద ప్రయోగించడం. రేకులు చీరినట్టు ఒకటి, ఏదో జంతువు మూలిగినట్టు ఒకటి. మొదటిసారి నా గుండె జారిపోయి కత్తెర కిందపడింది. రెండోసారి "అబ్బా, వదినా!" అని విసుక్కున్నాను. మూడోసారి నా పాటికి నేను బాబిన్‌కి దారం చుట్టుకుంటున్నాను. ఆవిడ మెట్లమీద కూలబడి నా చేతులవంకే చూస్తోంది.

"ఇదేనే గొడవ. ఎంత పెద్ద శబ్దమైనా రెండు రోజుల్లో చుట్టం అయిపోతుంది," అంది.

మా ఆయన బస్సు డ్రైవరు. తెల్లవారుజాము బండి తోలి, మధ్యాహ్నం ఇంటికొచ్చి పడుకుంటాడు. పడుకుంటే ఇల్లు కూలినా తెలియదు. ఆ రోజు కూడా నా మిషన్ గడగడలాడుతోంది, పక్కింట్లో మేకులు కొడుతున్నారు, నడినెత్తిన ఫ్యాను కిర్రుకిర్రుమంటోంది. మహానుభావుడు కదల్లేదు. అంతలో కరెంటు పోయింది. ఫ్యాను నెమ్మదించి ఆగిపోయింది. ఆయన దిగ్గున లేచి కూర్చున్నాడు.

"ఏమైంది?" అన్నాడు.

"కరెంటు పోయింది, పడుకోండి," అన్నాను.

మెట్లమీదనుంచి వదిన గబగబా దిగొచ్చి నా భుజం పట్టుకుంది. పట్టుకోవడం కాదు, పీకేసింది. "చూశావా? ఇంత మోతలో గుర్రుపెట్టినవాడు, ఫ్యాను రొద ఆగేసరికి లేచాడు!"

ఇంజనీరుకి అర్థం చేయించడానికి ఆవిడకి ఒక పూట పట్టింది. ఊరంతా లౌడ్‌స్పీకర్లు పెట్టి, ఒక సన్నటి రొద పగలూ రాత్రీ మోగిస్తూనే ఉండాలి. జనం దానికి అలవాటుపడి, అదొకటుందని మర్చిపోవాలి. ప్రమాదం వచ్చినప్పుడు చేయాల్సింది మోగించడం కాదు, ఆపేయడం.

"కరెంటు పోతే?"

"బ్యాటరీలు పెట్టండి. అవీ పోయాయనుకోండి, ఆగుతుంది. తీగ తెగినా ఆగుతుంది. మీట దగ్గరుండాల్సిన మనిషి ప్రాణభయంతో పారిపోయినా, కాసేపటికి దానంతటదే ఆగేలా పెట్టుకోండి. ఉత్తపుణ్యానికి ఆగితే జనం ఒకసారి వీధిలోకొచ్చి తిట్టుకుంటూ లోపలికి పోతారు. నష్టమేముంది?"

అతను తల పట్టుకున్నాడు. చివరికి, "మమ్మల్ని చంపేస్తారండీ," అన్నాడు.

"నన్నే తిడతారులెండి. నాకు అలవాటే," అంది.

స్తంభాలకి లౌడ్‌స్పీకర్లు బిగించారు. వాటి కింద బోర్డులు పెట్టారు. 'శబ్దం ఉన్నంతసేపూ భయం లేదు. ఆగితే మిట్టమీది బడికి పరుగెత్తండి.' ఒక ఉదయం, ముసురు పట్టి ఉండగా, అది మొదలైంది.

ఎలా ఉంటుందని అడిగితే చెప్పడం కష్టం. చెవిలో కంటే ముందు కడుపులో తెలిసేది. అరలో గ్లాసులు ఒకదానికొకటి తగిలి సన్నగా వణికేవి. తలుపు మూసినా ఉండేది, దుప్పటి కప్పుకున్నా ఉండేది. మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఆగితే, ఆ ఖాళీలో అది కూర్చుని ఉండేది. రెండో రోజుకే ఎవడో దానికి 'ముసలమ్మ గురక' అని పేరు పెట్టాడు. ఆ పేరు వదినకి నేనే మోసుకెళ్ళాను. బాధపడుతుందనుకుంటే, "నా కచేరీల్లో దేనికీ ఇంత మంచి పేరు పడలేదే," అని మురిసిపోయింది.

పేరు సరదాగానే ఉంది, ఊరు మాత్రం సరదాగా లేదు. నిద్రలేని మనుషులు ఎలా ఉంటారో అప్పుడు చూశాను. కొళాయి దగ్గర బిందెలతో కొట్టుకున్నారు. చంటిపిల్లలు ఏడుపాపలేదు. నాకు బట్టలిచ్చేవాళ్ళు వీధి చివరికొచ్చి, మా ఇల్లు చూసి వెనక్కి తిరిగేవారు. ఒక ఉదయం తలుపు తీస్తే గుమ్మంనిండా బురద, ఎవరో పని గట్టుకుని బకెట్లతో తెచ్చి పోసినట్టుంది. నేను నోటికొచ్చినట్టు తిడుతూ కడిగాను. ఎవరిని తిడుతున్నానో నాకే తెలియలేదు.

గడియారాలాయన ఒకనాడు మా ముందుగదిలోకొచ్చి స్టూలుమీద కూర్చున్నాడు. గట్టిగా మాట్లాడే మనిషి కాదు.

"చెల్లెమ్మా, గడియారం చెవి దగ్గర పెట్టుకుంటే దాని గుండె నాకు వినిపించాలి. అదే నా పని. ఇప్పుడు ఏది పెట్టుకున్నా మీ వదినే వినిపిస్తోంది."

"వానలు తగ్గేదాకే కదా అన్నయ్యగారూ."

"వానలు తగ్గేలోగా నాకు పిచ్చెక్కుతుంది. నాకే కాదు. సాయంత్రం అందరం కూర్చుని మాట్లాడుకుంటున్నాం. మీ ఆయన్ని కూడా రమ్మన్నాం, వస్తానన్నాడు. నీకు ముందే చెప్పడం ధర్మమని వచ్చాను."

మా ఆయన నాతో ఒక్క ముక్క అనలేదు. ఆ సాయంత్రం తిరిగొచ్చి, పెరట్లోంచి నిచ్చెనా, గదిలోంచి మా పాత పరుపూ తీసుకుని బయటికెళ్ళాడు. నేను గుమ్మంలో నిలబడి చూశాను. మా మలుపులో ఉన్న లౌడ్‌స్పీకర్ నోట్లో పరుపు కుక్కి తాడుతో కట్టాడు. కింద నిచ్చెన పట్టుకున్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. మా వీధికి మటుకు రొద సగానికి సగం తగ్గిపోయింది. నిజం చెప్పొద్దూ, నాకూ ప్రాణం లేచొచ్చినట్టయింది.

వదిన రోజూ సాయంత్రం ఊరంతా తిరిగి, ప్రతి స్తంభం కిందా ఆగి విని వచ్చేది. ఆ రోజు మలుపు తిరుగుతూనే నిలబడిపోవడం కిటికీలోంచి కనిపించింది. తలెత్తి పరుపుని చూసింది. పరుపు గలీబు నేను కుట్టిందే, పూల గలీబు. ఊళ్ళో ఇంకెవరిదీ కాదు.

లోపలికొచ్చి తమ్ముడి ఎదురుగా కూర్చుంది. ఆయన కంచంలోంచి తలెత్తలేదు.

"నువ్వేనా?" అంది.

"నేనే అక్కా."

"ఎందుకురా?"

"నిన్న వంతెనమీద నాకు కునుకు పట్టింది. స్టీరింగుమీద. వెనక బస్సునిండా జనం." అప్పుడు తలెత్తాడు. "నీ ఆనకట్ట తెగుతుందో తెగదో నాకు తెలీదు. నేను మాత్రం వాళ్ళని నదిలో పడేసేవాడిని. నీ గురక ఆపకపోతే పడేస్తాను. అప్పుడు వచ్చి వినిపించు నీ సంగీతం!"

మా ఆయన అక్కమీద గొంతెత్తడం నేనెప్పుడూ చూడలేదు. కంచం తోసేసి లేచాడు. వదిన మొహం పాలిపోయింది. ఆవిడ కోప్పడుతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. రెండూ చేయలేదు.

"తప్పు నాదేరా. జనం దీన్ని మర్చిపోవాలని చేశాను, మర్చిపోలేకపోతున్నారు. ఎక్కడో కుదరలేదు. నువ్వు పడుకో. నీ నిద్ర నాకు కావాలి," అంది.

ఆ మర్నాటినుంచి ఆవిడ చేసినదాన్ని పిచ్చి అనాలో ఏమనాలో ఇప్పటికీ నాకు తెలియదు. మధ్యాహ్నం తమ్ముడు పడుకోగానే మంచం పక్కన కుర్చీ వేసుకునేది. ఒడిలో చిన్న పెట్టె, చెవులకి హెడ్‌ఫోన్లు. ఎడమచెయ్యి ఆయన గుండెలమీద. ఊపిరి పైకి లేచినప్పుడు మీట ఇటు, దిగినప్పుడు అటు. ఆ రొద ఒక్కటి కాదట, దగ్గర దగ్గరగా ఉండే రెండు స్వరాలట. రెండూ కలిసినప్పుడు ఉబ్బుతుంది, విడినప్పుడు తగ్గుతుంది. ఆ ఉబ్బు నిద్రపోయే మనిషి ఊపిరికంటే తొందరగా ఉందట, అందుకే ఊరికి నిద్ర లేదట. "వాళ్ళ ఊపిరికి నేను ఎదురు నడుస్తున్నానే," అంది నాతో.

వాన రేకులమీద బాదుతోంది. ఆ హోరులో వినిపించక హెడ్‌ఫోన్లలో సౌండు పెంచుకుంటూ పోయింది. ఎంత పెంచిందంటే, వంటింట్లో ఉన్న నాకు కూడా ఆ చెవిడబ్బాల్లోంచి బుంయిమని వినిపించేది. "వదినా, చెవులు పోతాయి!" అని అరిస్తే చెయ్యి ఊపేది. అలా వారంపైన కూర్చుంది. మా ఆయన లేచేసరికి అక్క చెయ్యి గుండెమీద ఉండేది. ఆ చెయ్యి పక్కకి తీసి, కాసేపు పట్టుకుని, మొహం కడుక్కోడానికెళ్ళేవాడు.

మార్చిన శబ్దం ఊళ్ళో పెట్టిన రెండు రోజులకి, మా ఆయన నాకు చెప్పకుండానే నిచ్చెనేసుకుని పరుపు పీకేశాడు. నీళ్ళు పీల్చి పీల్చి అది చచ్చిన దూడలా బరువెక్కింది. ఎందుకూ పనికిరాకుండా పోయింది.

ఊరు నిద్రపోయింది. పిల్లలు ఏడుపు మానారు, ఆడవాళ్ళు మళ్ళీ బట్టలు తెచ్చారు. నా పెడల్ కూడా తెలియకుండానే ఆ ఉబ్బు ప్రకారం నడిచేది. నేను గమనించి కావాలని తప్పించేదాన్ని, కాసేపటికి కాలు మళ్ళీ అక్కడికే చేరేది. గడియారాలాయన కొట్టు ముందు వదిన కనబడితే లేచి నిలబడి, "పని పోయింది గానీ తల్లీ, నిద్ర వచ్చింది," అన్నాడు. ఇంకొన్నాళ్ళకి ఎవరూ దాని మాటే ఎత్తడం లేదు. బోర్డులమీద అక్షరాలు వానకి కారిపోయినా ఎవరూ పట్టించుకోలేదు.

నాకు మాత్రం ఆ నెమ్మదే భయంగా ఉండేది. అంతకుముందు తిడుతూ అయినా అందరూ ఆనకట్ట గురించి తలుచుకునేవారు. ఇప్పుడు ఆ తలపే లేదు. ఇంజనీరు వచ్చేవాడు, గుమ్మం దాటి లోపలికొచ్చేవాడు కాదు. మొదట్లో బూట్లకి ఉండే బురద ఇప్పుడు మోకాళ్ళదాకా ఉండేది. "గోడ ఎలా ఉంది బాబూ?" అంటే, "గోడకేమండీ, గోడలాగే ఉంది," అని నా వెనకున్న గోడవంక చూసి చెప్పేవాడు. నది నీళ్ళు ఎర్రగా, చిక్కగా, చప్పుడు లేకుండా పోతున్నాయి. కింది వీధుల ఎలుకలు పట్టపగలే గట్టున పైకి పాకిపోవడం చూశాను. మా ఆయనతో చెబితే, "వానకి బొరియల్లోకి నీళ్ళొచ్చుంటాయి," అన్నాడు. అది నిజమే. అయినా వాటిలో ఒక్కటీ వెనక్కి రావడం నేను చూడలేదు.

ఒక ఉదయం ఇంజనీరు ఎవరికీ చెప్పకుండా శబ్దం ఆపి చూశాడు.

నేను గుండీలు కుడుతున్నాను. ఏం జరిగిందో తెలియలేదు, సూది పట్టుకున్న చెయ్యి మాత్రం గాల్లో ఆగిపోయింది. చెవులు దిబ్బెడ విడిచినట్టయింది. లేచి గుమ్మంలోకొచ్చేసరికి వీధి వీధంతా బయటుంది. సగం గడ్డం గీసుకున్నవాడు, ఒంటిమీద సబ్బునురగతో తువ్వాలు చుట్టుకున్నవాడు, పిల్లని చంకనేసుకుని ఒక చేత్తో గరిటె పట్టుకున్న ఆవిడ. ఎవరూ మాట్లాడటం లేదు. అందరూ తలలెత్తి స్తంభంకేసే చూస్తున్నారు. అంతలో ఇంజనీరు జీపులోంచి చేతులూపుతూ, "ఏం లేదు, ఏం లేదు! ఊరికే చూశాం! వెళ్ళండి!" అని అరుచుకుంటూ పోయాడు. జనం ఒక్కసారి ఊపిరి వదిలి, అతన్ని తిట్టి, నవ్వుకున్నారు. గడియారాలాయన మా గుమ్మంకేసి తిరిగి రెండు చేతులూ జోడించాడు.

నా కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. ఆవిడ గెలిచింది. ఇన్నేళ్ళూ పది కుర్చీలు నిండని మనిషి, ఊరు ఊరంతటినీ ఒక్క క్షణంలో వీధిలో నిలబెట్టింది. ఆ మాట చెబుదామని వెనక్కి తిరిగితే వదిన మెట్లు దిగొస్తోంది. చేతిలో దువ్వెన ఉంది. జుట్టు సగమే దువ్వుకుంది.

"ఏమిటే, అందరూ బయటికొచ్చారు? గొడవేమైనా అయిందా?" అంది.

నేను ఆవిడ మొహంలోకి చూశాను. వేళాకోళం కాదు.

"ఆగింది కదా వదినా," అన్నాను.

ఆవిడ స్తంభంకేసి చూసింది. జనాన్ని చూసింది. మళ్ళీ నన్ను చూసింది.

"ఆఁ, అవునవును. ఆగింది," అంది. దువ్వెన జుట్టులో పెట్టుకుని మళ్ళీ మేడెక్కింది.

శబ్దం మళ్ళీ మొదలయ్యాక పైకెళ్ళాను. కిటికీ దగ్గర కూర్చుని ఉంది. నేను అడగకముందే చెప్పింది. తమ్ముడి మంచం పక్కన కూర్చున్న రోజుల్లోనే ఆ రొద చెవుల్లో పట్టుకుందట. పెట్టెలు కట్టేసినా మోగుతోందట. మన మాటలు వినిపిస్తాయి, వాటి వెనక అది ఉంటుంది. బయటున్నదేదో లోపలున్నదేదో తేల్చుకోలేకపోతోందట.

"డాక్టరు దగ్గరికి పోదాం పద," అన్నాను.

"వానలు తగ్గనీ. ఇప్పుడెవరితోనూ అనకు. వాడితో అసలు అనకు, తన నిద్రకోసం నా చెవులు పోయాయని కుమిలిపోతాడు. చేసినదానికే ఆగింది తెలియలేదంటే జనం దీన్ని నమ్ముతారా?"

"మరి నిజంగా ఆగిన రోజు నీకెలా తెలుస్తుంది?"

"నువ్వున్నావుగా," అంది, ఉప్పు అందించమన్నంత తేలిగ్గా.

కోపం వచ్చింది నాకు. ఊళ్ళో చంటిపిల్లలకి కూడా తెలిసేది ఈవిడ ఒక్కదానికే తెలియదు. మర్నాడు మిషన్ మేడమీదికి మోయించాను. కింద చెమ్మగా ఉంది, బట్టలు పాడవుతున్నాయని మా ఆయనకి చెప్పాను. అప్పట్నుంచీ ఆవిడ గదిలోనే కుట్టాను, అక్కడే తిన్నాను. ఆవిడని వదిలి కొళాయికి వెళ్ళాలన్నా కాళ్ళు గబగబా పడేవి.

ముసురు విడవలేదు. అది ఆగిన రోజు మధ్యాహ్నం నల్లదారం అయిపోయింది. వీధి చివరి కొట్టుకి వెళ్ళి రావడం ఎంతసేపు అనుకున్నాను. "ఇప్పుడే వస్తా," అంటే, తలూపింది. కొట్టువాడు దారపుండ చేతిలో పెట్టాడు. అప్పుడు ఆగింది.

ఎవరూ అరవలేదు. అది నాకు బాగా గుర్తు. కొట్టువాడు నన్ను చూశాడు, నేను వాడిని చూశాను. కొట్టు అలాగే వదిలేసి వాడు బయటికి నడిచాడు. తలుపులన్నీ తెరుచుకున్నాయి. ఈసారి జీపు రాలేదు, చేతులూపేవాళ్ళు లేరు. ఒక ముసలాయన, "పదండి," అన్నాడు. అంతే, వీధంతా మిట్టవైపు కదిలింది. పిల్లల్ని ఎత్తుకున్నవాళ్ళు, మంచంపట్టిన తల్లిని కుర్చీతో సహా మోసేవాళ్ళు. వాన చప్పుడూ అడుగుల చప్పుడూ తప్ప ఇంకేమీ లేదు.

నేను ఎదురు పరిగెత్తాను. గడియారాలాయన నా చెయ్యి పట్టుకుని, "చెల్లెమ్మా, ఇటు కాదు!" అన్నాడు.

"వదిన!" అన్నాను.

"ఆవిడకి చెప్పాలా? ఆవిడే కదా—"

చెయ్యి విడిపించుకున్నాను. ఇల్లు ఇంత దూరమా అనిపించింది. మెట్లు ఎలా ఎక్కానో తెలియదు. వదిన మేజా దగ్గర కూర్చుని, నేను సగం కుట్టి వదిలిన చొక్కాకి గుండీ కుడుతోంది. కళ్ళు మూసినంత ప్రశాంతంగా ఉంది మొహం.

"ఇవాళ ఎంత నిలకడగా ఉందో చూశావా? ఒక్క వణుకు లేదు," అంది.

వెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఆవిడ నా మొహం చూసింది, అంతే, లేచింది. తన పెట్టెలకేసి తిరిగైనా చూడలేదు. గుమ్మంలో మాత్రం ఒక్క క్షణం ఆగి, "వాడు?" అంది.

వాడు కిందే ఉన్నాడు. డిపోలో అప్పజెప్పాల్సిన బస్సు మళ్ళించుకొచ్చి, మా మలుపుకి అడ్డంగా నిలబెట్టి, నడవలేనివాళ్ళని ఎక్కించుకుంటూ, మా కిటికీకేసి చూసి హారన్‌మీద చెయ్యి పెట్టి తీయకుండా కొడుతున్నాడు. మేం ఎక్కగానే కదిలాడు. మిట్ట సగం ఎక్కేసరికి వెనక పెద్ద బరువేదో నేలమీద ఈడుస్తున్నట్టు వినిపించింది. బస్సులో ఎవరూ వెనక్కి చూడలేదు. నేను చూశాను. మా మలుపులో స్తంభం కనిపించింది, తర్వాత కనిపించలేదు.

బడి గదుల్లో కాలు పెట్టే చోటు లేదు. పేర్లు పిలుస్తున్నారు, పలుకుతున్నారు, మళ్ళీ పిలుస్తున్నారు. వెలుగు ఇంకా ఉండగానే ఇంజనీరు వచ్చాడు. తల్లో గడ్డీ గాదం, ఒక బూటు లేదు. మీట అతనే నొక్కాడట. ఆ అవతారంతోనే గది గదీ తిరిగి, మా దగ్గరికొచ్చి వదిన కాళ్ళ దగ్గర నేలమీద కూర్చుండిపోయాడు.

"అందరూ వచ్చేశారమ్మా," అన్నాడు. "కింది వీధులవాళ్ళు అందరూ. ఒక్కళ్ళు తప్పిపోలేదు."

వదిన అతని తలమీద చెయ్యి వేసింది. "మంచిది నాయనా. మరి ఇంకా ఎందుకు మోగిస్తున్నారు? వచ్చేశారుగా అందరూ. ఇంక ఆపమని చెప్పండి," అంది.

ఇంజనీరు నన్ను చూశాడు. మా ఆయన నన్ను చూశాడు. మా ఆయన మొహం నెమ్మదిగా మారడం చూశాను. దాచమన్నది దాచలేకపోయాను.

"ఆగింది వదినా," అన్నాను.

"ఎప్పుడు?"

"మధ్యాహ్నమే."

ఆవిడ గోడకి ఆనుకుంది. మా ఆయన ఆవిడ పక్కన చతికిలబడి, ఆవిడ చెయ్యి తీసుకుని తన గుండెమీద పెట్టుకున్నాడు. పెద్దగా ఏడ్చాడు. పెద్దవాడు అలా ఏడిస్తే చుట్టూ ఉన్నవాళ్ళు మొహాలు తిప్పుకున్నారు. ఆవిడ ఆ చెయ్యి తీయలేదు.

కాసేపటికి నన్ను దగ్గరికి రమ్మంది.

"నువ్వు చెప్తే నమ్ముతాను. ఇకమీదట నువ్వే చెప్పాలి," అంది.

"ఏం చెప్పను? జనం మాట్లాడుకుంటున్నారు. వాన పడుతోంది. ఎవరో దగ్గుతున్నారు—"

"వినిపించేవి కాదే. వినిపించనివి చెప్పు."

జన్మలో నేను చెవి పెట్టి దేన్నీ విన్నదాన్ని కాదు. కళ్ళు మూసుకున్నాను. చాలాసేపు ఏమీ తెలియలేదు.

"మిల్లు లేదు," అన్నాను. "కుక్కలు లేవు. కొళాయి దగ్గర బిందెలు లేవు. పక్కింటి తలుపు కిర్రుమనడం లేదు."

"ఊఁ."

"నా మిషన్ లేదు. నీ మెట్లు లేవు." కళ్ళు తెరిచాను. "మన వీధి లేదు వదినా."

ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఇంకా?" అంది.